ఎవరూ తిట్టని పిల్ల

ఆ బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి రోజూ ఎవరో ఒకరి చేత తిట్లు పడుతూనే ఉండేవి. లెక్కలు చేసుకురాలేదని నీలిమ టీచర్ తిట్టేది. చెప్పులు వరండా నిండా చిందరవందరగా విడిచారని హెడ్మాస్టర్ సత్తార్ సార్ తిట్టేవారు. అన్నం కింద పోశారని ఆయా కొండమ్మ తిట్టేది. కృష్ణచైతన్య అనే బక్కపిల్లాడైతే తిట్లు పడని పూట ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగేవాడు. ఒక్క ఉలిగమ్మను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కారు. అదే ఆమె బాధ. వినడానికి వింతగానే ఉంటుంది. బడికి పోయి పోయి విసిగినవాళ్ళకు ఈ బాధ అర్థం కాదు, బడి అందనివాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఉలిగమ్మకు పదిహేడేళ్ళు. ఆమె పక్కన కూర్చునే పిల్లలకు పదమూడు. సొంత ఊరు కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి దగ్గర ఒక పల్లె. అక్కడ వానలు లేవు, బోర్లలో నీళ్ళు లేవు. మిరపకాయ ఎర్రబడే రోజులు రాగానే ఊళ్ళకు ఊళ్ళు ఇళ్ళకు తాళాలేసి, బియ్యం మూటలతో సహా లారీలెక్కి పల్నాడు వచ్చేస్తాయి. ఆ రాకకే వాళ్ళు సుగ్గి అని పేరు పెట్టుకున్నారు. ఉలిగమ్మ ఐదో తరగతి దాకా ఎలాగో చదివింది. ఆ తరవాత ప్రతి ఏడూ జూన్‌లో ఆరో తరగతిలో చేరడం, దీపావళి దాటగానే అమ్మానాయనలతో లారీ ఎక్కడం. తిరిగి వెళ్ళేసరికి బడికి వేసవి సెలవులు ఇచ్చేసేవారు. ఆ పిల్లకు ఆరో తరగతి తెలుగు పుస్తకంలో మొదటి మూడు పాఠాలు కంఠతా వచ్చు, నాలుగోది ఏమిటో తెలియదు.

కిందటి ఏడు సుగ్గి అయిపోయాక గోపాలకృష్ణయ్య వాళ్ళను ఆపాడు. ఆయనకు గురజాల పక్క ఊళ్ళో మాగాణీ, మెట్టా బాగా ఉంది, మిరపకాయలు ఎండబెట్టే పెద్ద కల్లం ఉంది. కల్లం దగ్గర కాపలాకీ, మోటారు చూసుకోవడానికీ నమ్మకమైన మనుషులు కావాలన్నాడు. రేకుల గది ఇచ్చాడు. ఉలిగమ్మ తండ్రి ఈరన్న సరేనన్నాడు. ఆ రోజే ఉలిగమ్మ తండ్రిని పక్కకు పిలిచి, ఇక ఎక్కడికీ పోయేది లేదు గదా, నన్ను బడిలో వెయ్యి అని అడిగింది.

ఈరన్న భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. కూతుర్ని ఏటా బడిలోంచి లాక్కొచ్చింది తనే.

"బడి బల్ల మీద కూసున్నన్నాళ్ళు నిన్ను కూలికి పిలవను," అన్నాడు చివరికి. "ఆ దేవుని తోడు. పది పాసైతావో, ఇంకా పైకి పోతావో నీ ఇష్టం. బల్ల దిగితివా, అప్పుడు ఇంక నన్నేమీ అనొద్దు."

సత్తార్ సార్ మంచి మనిషి. రూల్సు ముందేసుకుని కూర్చునే రకం కాదు. పదిలో కూర్చోబెడితే బడి రిజల్టు పోతుంది, ఆరులో కూర్చోబెడితే బెంచీ విరిగిద్దమ్మా అని నవ్వించి, మధ్యే మార్గంగా ఎనిమిదిలో చేర్చుకున్నారు. బడిలో ఇచ్చిన యూనిఫాం బట్ట ఆమె కొలతకు చాలలేదు. తల్లి నరసమ్మ పాత చీర ముక్క ఒకటి లోపలివైపు అతికి కుట్టింది. ముందు బెంచీల్లో కూర్చుంటే వెనకవాళ్ళకు బోర్డు కనపడదు కాబట్టి చివరి బెంచీలో గోడవార చోటిచ్చారు. ఉలిగమ్మకు ఆ చోటు ఎంత నచ్చిందంటే, మొదటి వారమంతా మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే కూర్చుని తింది.

పల్నాడులో ఒక మర్యాద ఉంది. మాట కరుకే గానీ, మనిషిని వట్టి పేరు పెట్టి పిలవరు. పాలు పోసేవాడు బాబాయి, కూరలమ్మే ఆమె పిన్ని, దారినపోయే ముసలామె మామ్మ. నీలిమ టీచర్ నరసరావుపేట నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. మొదటిరోజే ఉలిగమ్మను తరగతి ముందు నిలబెట్టి భుజం మీద చెయ్యి వేసింది.

"చూడండి, తను మీకంటే పెద్దది. ఊరుగాని ఊరొచ్చి చదువుకుంటోంది. ఎవరైనా ఎగతాళి చేశారో, పేరు పెట్టి పిలిచారో, వీపు చీరేస్తా. అక్కా అనాలి. ఏమనాలి?"

"అక్కా," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఎగతాళి చేస్తారేమోనని భయపడుతున్న పిల్లకు ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. నిజంగానే ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఆమె పొడుగును చూసి నవ్వలేదు, యాసను చూసి నవ్వలేదు. పైగా మీద పడి ప్రేమించారు. గోపాలకృష్ణయ్య మనవరాలు ధరణి అదే తరగతి. ఊరి బడిని బాగుచేశానని చెప్పుకోవాలంటే ముందు ఇంటి పిల్ల అందులో చదవాలి గదా అని, పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ కాగానే ఆయన ఆ పిల్లను గురజాల కాన్వెంటు మాన్పించి ఇక్కడ చేర్పించాడు. ఆ ధరణి జడ ఊడితే అక్క దగ్గరికే వచ్చేది. గుండీ తెగితే అక్క. కబడ్డీలో తగువొస్తే అక్క. మోకాలు చెక్కుకుపోతే అక్క. టీచర్లు కూడా ఆమెను పేరు పెట్టి పిలవడానికి మొహమాటపడి అమ్మా అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఆరో తరగతి టీచర్ సెలవు పెట్టింది. సత్తార్ సార్ లెక్కల పీరియడ్ మధ్యలో తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఆ కోతిమూకని కాసేపు చూడు తల్లీ," అన్నారు. ఉలిగమ్మ వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. తరవాత అడగకుండానే వెళ్ళడం అలవాటైంది. ఆరో తరగతి బోర్డు మీద వాళ్ళ టీచర్ వదిలిపెట్టిన భిన్నాలు ఉండేవి. పిల్లల్ని కూర్చోబెట్టి వాటిని తనూ నేర్చుకుంది. పోయిన ఆరో తరగతి ఇలా దొంగచాటుగా దొరికిందని మురిసిపోయింది కూడా. ఆ మురిపెంలో పడి, ఎనిమిదో తరగతి తనకు ఏ పూటకాపూట జారిపోతోందన్న సంగతి దసరా దాకా కనిపెట్టలేదు.

కనిపెట్టింది బోర్డు దగ్గర. నీలిమ టీచర్‌ది ఒక పద్ధతి. లెక్క చెప్పాక బెంచీల వరసన ఒక్కొక్కరినీ పిలిచి తలా ఒక లెక్క చేయించేది. తప్పు చేస్తే, "ఒరేయ్, బుర్ర ఎక్కడ పెట్టొచ్చావురా? ఇంటి దగ్గర మర్చిపోయొచ్చావా?" అని దులిపేసేది. దులిపి, అదే లెక్కను వాడి చేతే తుడిపించి మళ్ళీ చేయించేది. అలా చేయించిన లెక్క ఇక చచ్చినా మర్చిపోరు. ఆ వరస చివరి బెంచీ దాకా వచ్చి ఉలిగమ్మ దగ్గర ఆగేది. ఆమె సుద్దముక్క అందుకోవడానికి లేవబోతుంటే టీచర్, "నువ్వు కూర్చో అమ్మా," అని మెత్తగా అని మళ్ళీ మొదటి బెంచీకి వెళ్ళిపోయేది. చిన్నపిల్లల ముందు లెక్క రాక తలదించుకోవాల్సి వస్తుందేమోనని ఆవిడ భయం. ఆ భయంలో ప్రేమ తప్ప మరేమీ లేదు. దాంతోనే వచ్చింది చిక్కంతా.

ఉలిగమ్మ ఒక పని చేసింది. కావాలని హోంవర్కు చెయ్యకుండా వచ్చింది. ఆ రోజు చెయ్యనివాళ్ళు నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. ఆమె కూడా నిలబడింది. ఈ బడిలో మొదటిసారి టీచర్ తిట్టబోతోంది అనుకుంటూ తన వంతు కోసం చూసింది. కృష్ణచైతన్యకు అక్షింతలు పడ్డాయి. వాడి పక్కవాడికి పడ్డాయి. ధరణిని, "ఛైర్మన్ గారి మనవరాలివైతే లెక్కలు వాటంతటవే వస్తాయా?" అని నిలదీసింది. ఆ తరవాత ఉలిగమ్మ ముందుకొచ్చి ఆగింది.

"కల్లం దగ్గర పని ఉండి ఉంటుందిలే పాపం. కూర్చో అమ్మా."

"పని లేదు టీచర్," అంది ఉలిగమ్మ. "ఊరికే చెయ్యలేదు."

టీచర్ ఆమె తల నిమిరి, "పరవాలేదులే," అంది.

ఉలిగమ్మ కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే పుస్తకం మీదికి వంగింది. పక్కనున్న పిల్ల చూసి, అక్క ఎంత మంచిదో, తప్పు చేసినందుకు ఏడుస్తోంది అని చెవులు కొరికింది.

సంక్రాంతి సెలవులయ్యాక ధైర్యం చేసి, బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ నీలిమ టీచర్ దగ్గరికి వెళ్ళింది. అప్పటికి సుగ్గి జనం దిగిపోయారు. ట్రాక్టర్ల నిండా తన ఈడు పిల్లలు తలలకు గుడ్డలు చుట్టుకుని చేలకు పోతున్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా ఆమె పుస్తకాల సంచి దగ్గరికి హత్తుకునేది.

"టీచర్, నన్ను కూడా బోర్డు దగ్గరికి పిలవండి."

"నీకు ఇబ్బందిగా ఉండదా అమ్మా?"

"తప్పు చేస్తే తిట్టండి. వాళ్ళని తిట్టినట్టే. మా నాయన నన్ను బల్ల మీద ఉన్నన్నాళ్ళే కూలికి పిలవనన్నాడు. ఊరికే కూసోని పోతే నాకి పదో తరగతి రాదు టీచర్."

నీలిమ టీచర్ ఆ మాట విని, బస్సు వచ్చే వైపు నుంచి ఆమె వైపు తిరిగింది. మంచిమనసున్న మనిషే కాబట్టి తన పొరపాటు కొంత తెలిసింది. "రేపు సమీకరణాలు. చివరి లెక్క నీదే. తప్పు చేశావో చెవి మెలేస్తా," అని నవ్వింది. ఉలిగమ్మ రోడ్డు మీద నుంచి కల్లం దాకా పరిగెత్తింది.

ఆ సాయంత్రం కల్లంలో కాయలు ఏరుతూ కూర్చున్నప్పుడు ఆమె చేతులు రంగుపోయిన తాలు కాయల్ని ఒక పక్కకి, ఎర్ర కాయల్ని ఒక పక్కకి వేస్తూనే ఉన్నాయి, నోరు మాత్రం లెక్కలు వల్లిస్తోంది. చేతిలో పుల్ల తీసుకుని మట్టిలో గీసింది. ఈజీక్వల్టూకి అవతలి పక్కకు పోతే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. ఇదేం గొప్ప, ఊరు దాటితే మనమూ అంతే గదా అనుకుని తనలో తనే నవ్వుకుంది. ఈరన్న కాయల మీద పరదా పట్టా కప్పుతూ వచ్చి, ఆ గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

మర్నాడు వరస మొదటి బెంచీ నుంచి మొదలైంది. ఒక్కొక్కరూ లేస్తున్నారు, తిట్లు తింటున్నారు, కూర్చుంటున్నారు. టీచర్ ఉలిగమ్మ లెక్కను బోర్డు మీద రాసి, ఆమె వైపు చూసి కనుబొమలెగరేసింది. ఉలిగమ్మ లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ముందు బెంచీలో ధరణి డెస్కు మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

టీచర్ వంగి అడిగింది. ఆ పిల్ల చెప్పలేకపోయింది. బెంచీ మీద మరక చూశాక టీచర్‌కు తెలిసింది. వెనక మగపిల్లలు మెడలు సాగదీస్తున్నారు. కొండమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేదు.

"అమ్మా," అంది టీచర్ ఉలిగమ్మ చెవి దగ్గర, "నీ చున్నీ ఇటివ్వు. దీన్ని చుట్టబెట్టి ఇంటి దాకా తీసుకుపో. నువ్వు తప్ప దిక్కు లేదు."

ఉలిగమ్మ బోర్డు వంక చూసింది. లెక్క తేలికే. ఒక్క నిమిషం చాలు. నోరు తెరిచి అడగబోయింది. ధరణి ఆమె చెయ్యి పట్టుకుంది. తనకు అలా జరిగిననాడు పరాయి ఊరి మిరపచేలో ఉంది, పక్కన ఎవరూ లేరు. చున్నీ తీసి ఆ పిల్ల నడుముకు చుట్టి, "ఏమీ కాలేదు, నేనుండా గదా," అంటూ నడిపించుకుపోయింది.

గోపాలకృష్ణయ్య ఇల్లు ఊరికి ఆ చివరన. అక్కడ ఆడవాళ్ళు వచ్చేదాకా ఉండి, తిరిగొచ్చేసరికి తరువాతి పీరియడ్ సోషల్ నడుస్తోంది. తన లెక్క ఇంకా బోర్డు మీదే ఉంది. కృష్ణచైతన్య చేశాడట, గుర్తు మార్చడం మర్చిపోయి తిట్లు తిన్నాడట, మళ్ళీ చేశాడట. వాడే గొప్పగా చెప్పాడు.

ధరణి ఫంక్షన్ ఘనంగా చేశారు. వీధి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టారు. అందులో పిల్ల బొమ్మ కంటే తాత బొమ్మ పెద్దది. బడి మొత్తాన్ని భోజనాలకు పిలిచారు. ఉలిగమ్మ తల్లి దాచిన కొత్త లంగావోణీ కట్టుకుని, తరగతి పిల్లలతో కలిసి ఫొటో దిగి, వాళ్ళతో పాటే బంతిలో కూర్చుంది. ఆకు ముందు నీళ్ళు చల్లుకుంటుండగా గోపాలకృష్ణయ్య భార్య నాగేంద్రమ్మ అటుగా వచ్చింది.

"ఏమే పిల్లా, నువ్వు కూడా కూర్చుంటే పసిపిల్లలకి ఎవరు వడ్డిస్తారే? లే, లే. ఆ పప్పు గిన్నె అందుకో."

ఆవిడ కోపంగా అనలేదు. ఇంట్లో పిల్లకు చెప్పినట్టే చెప్పింది. ఉలిగమ్మ లేచి గిన్నె అందుకుంది. "అక్కా, నాకు ఇంకో బూరె," "అక్కా, ఇటు," అని పిల్లలు ఆకుల ముందు నుంచి చేతులూపారు. ఆమె ఖాళీ చేసిన చోటులో ఎవరో బాబాయి వచ్చి కూర్చున్నాడు.

భోజనాలయ్యాక గోపాలకృష్ణయ్య కుర్చీలో వాలి సత్తార్ సార్‌ని, నీలిమ టీచర్‌ని, ఈరన్నను పిలిపించాడు. ఆయన మొహంలో సంతోషం పొంగిపోతోంది. చేసిన మేలుకు బదులు తీర్చుకునేవాడి సంతోషం అది.

"మా పిల్లని కన్నతల్లి మాదిరి తీసుకొచ్చింది ఈ అమ్మాయి. నేను మర్చిపోయే మనిషిని కాదు. కొండమ్మ మోకాళ్ళు ఇక పనికిరావు, రేపు మానేస్తానంటోంది. ఆయా పని ఈ అమ్మాయికి ఇద్దాం. పద్దెనిమిది నిండేదాకా కొండమ్మ పేరు మీద నడుపుదాం, తరవాత పేరు మార్చేద్దాం. కమిటీలో నా మాట కాదనేవాడెవడు? ఏమంటారు సారూ?"

"చానా మంచి మాట," అన్నారు సత్తార్ సార్. "ఆ పిల్ల చేస్తున్నదీ అదేగా. ఊరికే చేస్తోంది, ఇప్పుడు జీతం వచ్చిద్ది."

ఈరన్న రెండు చేతులూ జోడించాడు. ఎండలో నడుం వంచక్కర్లేని పని, నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం, పైగా బడిలో. వాళ్ళ వంశంలో అలాంటిది ఎవరికీ రాలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"నాకి పరీక్షలుండాయి సార్," అంది ఉలిగమ్మ. "నేను తొమ్మిదికి పోవాల."

సత్తార్ సార్ నవ్వారు. "పరీక్షదేముందమ్మా? పాసు సంగతి నేను చూసుకుంటా. పది కావాలంటే ఓపెన్ స్కూల్లో కట్టుకుందువు, ఇంట్లోనే చదువుకోవచ్చు. ఆ చిన్నపిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే కర్మ నీకెందుకు?"

ఆమె నీలిమ టీచర్ వంక చూసింది. ఆ టీచర్ ఒక్కతే కాదనగలదు. రోడ్డు మీద ఆ సాయంత్రం తన నోటితో చెప్పింది ఆవిడకే. నీలిమ టీచర్ చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంది, ఛైర్మన్ మొహం చూసింది, ఆనందంతో తడిసిన ఈరన్న మొహం చూసింది.

"మంచిదేగా అమ్మా," అంది. "పనయ్యాక తీరిగ్గా ఉన్నప్పుడు వచ్చి వెనక కూర్చో. నేను వద్దంటానా?"

ఇంతలో సంగతి పిల్లలకు తెలిసిపోయింది. అక్క మన బడిలోనే ఉంటుందంట, ఇక ఎక్కడికీ పోదంట అని కేకలేస్తూ వచ్చి చుట్టూ మూగారు. పట్టుపావడాలో, పూల జడతో ధరణి అందరినీ తోసుకొచ్చి ఆమె నడుము వాటేసుకుంది. ఆ చేతుల మధ్య నిలబడి ఏడిస్తే సంతోషంతో ఏడుస్తోందనుకుంటారు. అందుకని ఏడవలేదు.

కల్లానికి నడిచి వెళ్ళేటప్పుడు తండ్రిని అడిగింది. "బల్ల మీద ఉన్నన్నాళ్ళు పిలవనంటివి కదా నాయనా."

ఈరన్న ఆగాడు. కూతురు ఎందుకు అడుగుతోందో నిజంగానే అర్థం కాలేదు. "కూలికి పిలవలేదు కదమ్మా," అన్నాడు. "బడికే కదా పోతాండావు."

దానికి జవాబు ఉందని ఆమెకు తెలుసు. అయితే ఆయన అంత తేలిగ్గా నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ నడకను చెడగొట్టడానికి మనసొప్పలేదు. ఆయన వెనకే నడిచి ఇల్లు చేరింది.

మర్నాటి నుంచి ఉలిగమ్మ అందరికంటే ముందు బడికి వెళ్ళేది. గదులు ఊడ్చేది, మరుగుదొడ్లు కడిగేది, ట్యాంకు నింపేది. యూనిఫాం కట్టుకోవడం మానేసింది. లోపల అతికిన చీర ముక్కను నరసమ్మ విప్పేసి దాచింది. వెనక కూర్చుందామని రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి మధ్యలోనే ఆరో తరగతి పిల్లాడు వాంతి చేసుకున్నాడని పిలిచారు. రెండోసారి వెళ్ళేసరికి గోడవార తన చోటులో ఎవరో కొత్తగా చేరిన పిల్లను కూర్చోబెట్టారు. ఆ పిల్ల మర్యాదగా లేచి, "కూర్చో అక్కా," అంది. వద్దులే అని ఉలిగమ్మ బయటికి వచ్చేసింది.

ఫిబ్రవరి ఆఖరులో ఒక ఉదయం వరండా ఊడుస్తూ ఎనిమిదో తరగతి తలుపు దాకా వచ్చింది. లోపల నీలిమ టీచర్ పరీక్షలకు పాత లెక్కలు తిరగేయిస్తోంది. బోర్డు మీద ఐదు ఎక్స్ మైనస్ తొమ్మిది, ఈజీక్వల్టూ రెండు ఎక్స్ ప్లస్ పన్నెండు. ఇలాంటిది ఆమె ఎప్పుడూ చెయ్యలేదు, రెండు పక్కలా ఎక్స్ ఉంది. చీపురు చేతిలో ఆగిపోయింది. రెండు ఎక్స్ ఇటొస్తే మైనస్. తొమ్మిది అటు పోతే ప్లస్. మూడు ఎక్స్, ఇరవై ఒకటి. ఏడు. ఏడే అయి ఉండాలి. ఆమెకు ఒళ్ళంతా జల్లుమంది. కృష్ణచైతన్య బోర్డు దగ్గర నిలబడి ఒక్కో గీతా మెల్లగా గీస్తున్నాడు. వాడు చివరి వరస రాస్తే తెలిసిపోతుంది. తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది. ఆరో తరగతి గదిలోంచి పిల్లలు ముక్కులు మూసుకుని వరండాలోకి వస్తున్న సంగతి కూడా ఆమెకు పట్టలేదు.

నీలిమ టీచర్ వెనక్కి తిరిగింది. తెల్లవారుజామున లేచి వంట చేసి బస్సులో నిలబడి వచ్చిన మనిషి, సిలబస్ పూర్తికాని మనిషి, ఆ క్షణాన ఆవిడ ఎవరినైనా అంతే అనేది.

"ఏంది ఉలిగమ్మా, నోరు తెరుచుకుని అట్టా నిలబడ్డావు? బుర్ర ఎక్కడ పెట్టొచ్చావు? ఆరో తరగతిలో కంపు కొడుతోందని పిల్లలు బయట నిలబడుంటే కనపట్టల్లేదా? చెప్పిన పని చెప్పినట్టు చెయ్యకపోతే ఎట్టా?"

పిల్లలకు భయమేసింది, అక్కను ఎవరైనా తిట్టడం వాళ్ళు ఇంతవరకూ చూడలేదు. ధరణి తల దించుకుంది.

ఉలిగమ్మ చెవుల్లో తన పేరు గింగురుమంటోంది. ఈ బడిలో తనను ఇంత గట్టిగా, ఇంత పూర్తిగా పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. ఎన్నాళ్ళో ఎదురుచూసిన మాటలే అవి. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు.

"పోతాండా టీచర్," అంది.

కృష్ణచైతన్య సుద్దముక్క ఎత్తి పట్టుకుని, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. ఉలిగమ్మ వాడి చెయ్యి వైపు చూడకుండా చీపురు చంకలో పెట్టుకుని, బకెట్ తీసుకుని ఆరో తరగతి వైపు నడిచింది. ఏడు అవునో కాదో ఆమె ఎవరినీ అడగలేదు.